చూస్తే తెలిసిపోతుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జాతి, కులం, రంగు, యాస గురించి నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా మనవరాలిని టెక్సాస్‌లో బడిలో వేస్తున్నారు. ఫారంలో ‘రేస్’ అని ఒక గడి ఉందట. ‘ఇండియన్’ అన్న మాట కోసం వెతికితే ‘అమెరికన్ ఇండియన్’ కనబడిందనీ, అక్కడే టిక్కు పెట్టాననీ మా కోడలు చెప్పింది. అది సరైనదేనా? ఇంతకీ మనది ఏ రేసు? (ఒక తాతయ్య, ఒంగోలు)

సరైనది కాదు, వెంటనే మార్పించమనండి. ఆ గడి అమెరికా ఖండపు ఆదివాసుల కోసం పెట్టింది. మనవాళ్లు ‘ఏషియన్’ దగ్గర టిక్కు పెట్టాలి. దాని కింద చిన్న గడులుంటే ‘ఏషియన్ ఇండియన్’ ఎంచుకోవాలి. ‘హిస్పానిక్’ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలం ఉన్నవారు) అన్న ప్రశ్న విడిగా ఉంటే ‘కాదు’ అని పెట్టాలి. తల్లి ఒక దేశం, తండ్రి ఇంకో దేశం అయితే ఒకటికి మించి గడులు నింపవచ్చు. జనగణనలో ఆ వీలు 2000 నుంచి ఉంది. ఖాళీగా మాత్రం వదలొద్దు. తల్లిదండ్రులు చెప్పకపోతే పిల్లను చూసి బడి సిబ్బందే ఏదో ఒక గడి నింపాలని అక్కడి విద్యాశాఖ మార్గదర్శకం చెబుతోంది. అమ్మాయి చామనఛాయను చూసి వాళ్లు ఏమనుకుంటారో మీరూ నేనూ చెప్పలేం.

మనది ఏ రేసు అన్నది ఏ ఏడాది అడుగుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. 1790 నాటి చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్లలో ‘తెల్లవాళ్లకే’ అమెరికా పౌరసత్వం ఇచ్చేవారు. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ సిక్కు, ఆనాటి శాస్త్రవేత్తల లెక్కలో ఉత్తర భారతీయులు కూడా యూరపువాళ్లలాగే ‘కాకేషియన్’ జాతివాళ్లే కదా అని వాదించాడు. శాస్త్రం ఏమన్నా సరే, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదు అని 1923లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. విచిత్రమేమిటంటే అంతకు ముందటేడే ఒజావా అనే జపాను వాడు తన ఒళ్లు తెల్లగానే ఉందని వాదిస్తే, ఒంటి రంగు చాలదు, కాకేషియన్ కావాలి అని అదే కోర్టు చెప్పి పంపింది. మనవాళ్లకు పౌరసత్వపు తలుపు 1946లో తెరుచుకుంది.

జనగణన సంగతీ ఇంతే. 1920 నుంచి 1940 దాకా భారతీయులందరినీ మతంతో పనిలేకుండా ‘హిందూ’ అనే రేసుగా రాశారు. 1970లో తెల్లవాళ్లలో కలిపేశారు. 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అనే గడి వచ్చింది. కాలిఫోర్నియాలో 1930లో పుట్టిన పంజాబీ రైతు కొడుకు, ఒంటి రంగు మారకుండానే, యాభై ఏళ్లలో మూడు రేసుల్లో తిరిగాడు. 2024 మార్చిలో ఈ గడుల్ని మళ్లీ మార్చారు. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా వాళ్లకు కొత్త గడి పెట్టి, హిస్పానిక్ ప్రశ్నను కూడా ఇందులోనే కలిపారు. కాబట్టి వచ్చే ఏళ్లలో మీ మనవరాలి ఫారం రూపు మారవచ్చు.

ప్రశ్న: రేసు, కులం అన్నీ మనిషి కల్పనే అని మీరు రాస్తుంటారు. మరి ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు ‘మీరు కోమట్లా?’ అని ఎందుకడిగారు? మావాళ్లలో ఒకరికి ఆపరేషన్ అయ్యాక గంటల తరబడి మెలకువ రాలేదు. కులం రక్తంలో లేకపోతే ఇదెలా జరుగుతుంది? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

డాక్టరు అడగడం సబబే. రక్తంలో ఉన్నదేమిటో, అది అక్కడికెలా వచ్చిందో విడదీసి చూడాలి.

ముందు వైద్యం. గొంతులోకి గొట్టం వేసేటప్పుడు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కొలీన్ అనే సూది మందు వాడతారు. ఆసుపత్రుల్లో దాన్ని స్కోలిన్ అంటారు. మామూలుగా అయిదు పది నిమిషాల్లో రక్తంలోని సూడోకొలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. కొందరిలో ఆ ఎంజైము తయారీ సూచన ఉన్న జన్యువు రెండు ప్రతులూ చెడిపోయి ఉంటాయి. వాళ్లకు మందు గంటల తరబడి దిగదు. కండరాలు కదలవు కనుక ఊపిరి కూడా సొంతంగా ఆడదు. వెంటిలేటరు మీద ఉంచి ఓపిక పడితే దానంతట అదే దిగిపోతుంది. కారణం తెలియక గొట్టం ముందే తీసేసినా, స్పృహలో ఉన్న మనిషిని మత్తులో ఉన్నాడనుకున్నా ప్రమాదం.

మీరు చేయాల్సిందల్లా ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే ఆ మాట మత్తు డాక్టరుకు ముందే చెప్పడం, సూడోకొలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించడం. తక్కువని తేలితే ఆ కాగితం ప్రతి ఆపరేషన్‌కూ వెంట తీసుకెళ్లండి. తోబుట్టువులకూ పరీక్ష చేయించండి. రోక్యురోనియం లాంటి వేరే మందులున్నాయి. మివాక్యూరియం మాత్రం వద్దు. దాన్ని విరగ్గొట్టేదీ ఈ ఎంజైమే.

ఇక ఇది కోమట్లలో ఎక్కువ ఎందుకు? వేల ఏళ్ల కిందట ఈ సమూహం కొద్దిమందితో మొదలై, ఆ తర్వాత బయటివాళ్లను దాదాపు చేసుకోకుండా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చింది. 2009లో వచ్చిన జన్యు అధ్యయనంలో ఆంధ్ర వైశ్యుల్లో ఈ ఆనవాలు స్పష్టంగా దొరికింది. మొదట్లో ఎవరో ఒకరిద్దరిలో ఉన్న చెడు ప్రతి బయటికి పోయే దారి లేక లోపలే తిరిగింది. తల్లిదండ్రులిద్దరిలో చెరొక చెడు ప్రతి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ‘గోత్రాలు వేరు కదా’ అంటారు. మొదటి గుంపే చిన్నదైనప్పుడు గోత్రం వేరైనంత మాత్రాన ఈ ప్రతి వేరు కాదు. మేనరికమైతే అవకాశం ఇంకా పెరుగుతుంది.

అంటే కులం జన్యువులో పుట్టలేదు. ఎవరిని ఎవరు చేసుకోవాలన్న కట్టుబాటును సమాజం పెట్టింది, ఆ కట్టుబాటు జన్యువుల మీద గీత గీసింది. పైగా ఇది వైశ్యులందరికీ ఉండదు, వైశ్యులు కాని వాళ్లకూ ఉండవచ్చు. కాబట్టి మంచి డాక్టరు కులం అడిగి ఊరుకోడు, కుటుంబంలో ఎవరికైనా ఇలా అయిందా అని కూడా అడుగుతాడు. ఆయన అడగకపోతే మీరే చెప్పండి.

ప్రశ్న: మేము ఎరుకల వాళ్లం. ఊళ్లో దొంగతనం జరిగితే మొదట మా గడపే తొక్కుతారు. ‘మీది పుట్టుకతో దొంగల జాతి అని గవర్నమెంటే రాసింది’ అని మొహాన అంటారు. అలా నిజంగా రాశారా? (ఒక పాఠకుడు, కావలి)

రాశారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో తెలిస్తే ఆ రాతకు విలువెంతో మీరే చెప్పగలరు.

నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలైంది. 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఒక గుంపును ‘నేరస్థ తెగ’ అని ప్రకటించాక ఒక్కొక్కరి నేరం రుజువు చేయాల్సిన పని లేదు. పేరు రిజిస్టరులో ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి, పాసు లేకుండా దొరికితే జైలు. మొత్తం గుంపును సెటిల్‌మెంటులో, అంటే నిఘా ఉండే కాలనీలో పెట్టి, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసే అధికారం కూడా ఉండేది. మీ కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ సెటిల్‌మెంటు నడిపింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురాన్ని 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చారు.

అంతకు ముందు ఎరుకలవాళ్లేం చేసేవారో వాళ్ల శాఖల పేర్లే చెబుతాయి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, వెదురు బద్దలతో బుట్టలల్లే దబ్బ ఎరుకల. చినగంజాం, కనుపర్తి, ఇస్కపల్లి లాంటి తీరం ఉప్పును గాడిదల మీద మెట్ట ఊళ్లకు చేరవేసి, తిరిగి వచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవారు. ఉప్పు సర్కారు గుత్తాధిపత్యం కిందికి పోయింది, రైలు వచ్చింది, అడవి మీద ఆంక్షలు వచ్చాయి. బతుకుతెరువు తెగిన మనిషి ఊరూరా తిరుగుతుంటే ఒక చోట కుదురుగా ఉండి పన్ను కట్టే రైతునే మంచి ప్రజగా చూసే ప్రభుత్వానికి అనుమానం పుట్టింది. కులవృత్తి తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది కాబట్టి నేరం కూడా అలాగే వస్తుందని ఆ అధికారులు లెక్క కట్టారు. ఇంగ్లండులో దొంగ కొడుకును దొంగగా పుట్టాడని రిజిస్టరులో ఎక్కించలేదు మరి!

ఈ చట్టంపై గట్టిగా పోరాడిన వారిలో నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య ఒకరు. యానాదుల కోసం ఆయన జీవితమంతా పనిచేశారు, 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. మద్రాసు రాష్ట్రం 1947లో చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. కాని పోలీసు అలవాటు చట్టంతో పాటు పోలేదు.

ఇప్పుడు మీ చేతిలో ఏముంది? ఎరుకల ఆంధ్రలో షెడ్యూల్డ్ తెగ. నలుగురి ఎదుట కులం పేరు పెట్టి దూషిస్తే 1989 అత్యాచార నిరోధక చట్టం కింద కేసవుతుంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. ఫిర్యాదులో తేదీ, చోటు, అన్న మాట అన్నట్టుగా, విన్న సాక్షుల పేర్లు రాయండి. ‘కులం పేరుతో తిట్టారు’ అని మాత్రమే రాసిన కేసులు కోర్టులో నిలబడక వీగిపోతుంటాయి. 2024 అక్టోబరు 3న జైళ్లలో కుల వివక్షపై ఇచ్చిన తీర్పులో, విముక్త జాతులవాళ్లను, అంటే ఒకప్పుడు ఆ నేరస్థ తెగల జాబితాలో ఉన్నవాళ్లను, ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు పోలీసులకూ చెప్పింది. ఆ తీర్పు ప్రతి ఒకటి దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: కోటేరు ముక్కు, తెల్లటి ఒళ్లు ఉంటే ఆర్యులు, చప్పిడి ముక్కు, నలుపైతే ద్రావిడులు అని మా మాస్టారు చెప్పారు. ముక్కు కొలిచి నిరూపించారట. (డిగ్రీ విద్యార్థి, పొదిలి)

కొలిచారు, నిరూపించలేదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్స్టన్ కొలత పరికరాలు పట్టుకుని దక్షిణాదంతా తిరిగి, 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. అంతకు ముందే 1901 జనగణనకు పెద్ద అయిన రిజ్లీ, ముక్కు ఎంత వెడల్పైతే కులం అంత కింద అని సిద్ధాంతం చేశాడు.

లెక్క మీరే చేసి చూడండి. కనుబొమల నడుమ ముక్కు మొదలయ్యే గుంట నుంచి ముక్కు అడుగు దాకా ఎత్తు, పుటాల బయటి అంచుల మధ్య వెడల్పు. వెడల్పును ఎత్తుతో భాగించి 100తో గుణించాలి. 70 లోపు సన్నముక్కు, 70 నుంచి 85 మధ్యరకం, ఆపైన వెడల్పు ముక్కు. ఎత్తు 46 మిల్లీమీటర్లు, వెడల్పు 38 అనుకుందాం. 82.6 వస్తుంది, మధ్యరకం. అదే ముక్కును కొలిచేవాడు కాస్త వదులుగా పట్టి వెడల్పు 40 రాశాడంటే 87, వెడల్పు ముక్కు! రెండు మిల్లీమీటర్ల తేడాతో మనిషి ‘జాతి’ మారిపోయింది. మీ క్లాసులో ఇరవై మందిని కొలవండి. ఒకే కులం వాళ్ల మధ్య తేడా రెండు కులాల సగటుల మధ్య తేడా కంటే ఎక్కువ రావచ్చు.

ద్రావిడం అన్నది భాషా కుటుంబం. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, వేరే కుటుంబమని ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి 1816లోనే మద్రాసులో రాశాడు. 1856లో కాల్డ్వెల్ అనే మిషనరీ దాన్ని పెద్ద వ్యాకరణంగా విస్తరించాడు. భాషలు నేర్చుకునేవి, ముక్కులు కావు. భాష పేరును మనుషులకు తగిలించడంతో మొదలైంది గొడవ. ఒంటి రంగుకు ఎండ తీవ్రతతో, ముక్కు వెడల్పుకు వాతావరణంతో సంబంధం ఉంది. మీ మాస్టారితో తగువు పెట్టుకోకుండా స్కేలు, పెన్సిలు చేతికివ్వండి.

ప్రశ్న: మేం సుగాలీలం, ఇక్కడ ఎస్టీ. బళ్లారిలో మా మేనమామ పిల్లలు ఎస్సీ. ఇద్దరిదీ ఒకే తండా మూలం. ఎవరిది తప్పు సర్టిఫికెట్? (మార్కాపురం)

ఎవరిదీ కాదు. రాజ్యాంగం 341, 342 అధికరణాల కింద జాబితాలు రాష్ట్రం వారీగా ఉంటాయి. లంబాడీలు (సుగాలీలూ వీరే) కర్ణాటకలో ఎస్సీ, ఆంధ్రలో ఎస్టీ, మహారాష్ట్రలో ఈ రెండూ కాదు, విముక్త జాతుల కోటా. మీ అమ్మాయిని బళ్లారికి ఇచ్చినా ఆమెది పుట్టింటి రాష్ట్రపు హోదాయే. కర్ణాటక ప్రభుత్వ ఉద్యోగాల్లో, కాలేజీల్లో ఎస్సీ కోటా అడగడానికి లేదు. రాష్ట్రం మారితే హోదా వెంట రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. కేంద్ర ఉద్యోగాలకు మాత్రం ఆంధ్ర ఎస్టీ పత్రం పనికొస్తుంది.

ప్రశ్న: మేం మాదిగ క్రైస్తవులం. ఒకే ఇంట్లో అన్నకు ఎస్సీ, తమ్ముడికి బీసీ-సి పత్రం ఉంది. ఊళ్లో మాత్రం ఇద్దరినీ ఒకే తీరుగా చూస్తారు. (ఒంగోలు దగ్గరి పల్లె)

మీ ఉత్తరంలో చివరి వాక్యం చాలామంది లాయర్ల వాదన కంటే సూటిగా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు, కోటా 1 శాతం. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు. యానాది, ఎరుకల, చెంచు చర్చికి వెళ్లినా ఎస్టీయే.

మీ ప్రాంతంలో ఇది పాత కథ. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినంతకాలం బాప్తిస్మం ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. చర్చి రిజిస్టరులో కొత్త పేరు ఎక్కింది, ఊళ్లో మాత్రం వాడ ఉన్నచోటే ఉంది. ఒక హెచ్చరిక: చర్చి రిజిస్టరులో సభ్యుడిగా ఉంటూ ఎస్సీ పత్రం తీసుకుంటే కలెక్టరు విచారించి రద్దు చేయవచ్చు. ఉద్యోగంలో చేరాక అది బయటపడితే ఉద్యోగానికే ముప్పు.

ప్రశ్న: కందుకూరు వాళ్లం మేము నెల్లూరోళ్లమా, ఒంగోలోళ్లమా? (కందుకూరు)

1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు నుంచి, ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. 1972లో ప్రకాశం పేరు పెట్టారు. 2022లో మిమ్మల్ని మళ్లీ నెల్లూరుకు పంపారు. ఇంతలో ‘మా ప్రకాశం జిల్లా’ అని రొమ్ము విరుచుకునే తరం ఒకటి తయారైంది. మీరు ‘ఉండాడు’ అంటే నెల్లూరు, ‘ఉన్నాడు’ అంటే ఒంగోలు అని తేల్చేద్దామనుకున్నాం గాని, ఒకే నోట రెండూ వింటున్నాం.

ప్రశ్న: మాది యానాది కుటుంబం. పీజీ చదివాను. ధ్రువపత్రానికి వెళ్తే ‘నీలో యానాది లక్షణాలేం కనబడలేదే’ అన్నారు. లక్షణాలంటే ఏమిటి? (వెంకటాచలం)

ఆ మాటకు మూలం 1965 నాటి లోకూర్ కమిటీ. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, విడిగా నివాసం, బయటివారితో కలవడానికి జంకు, వెనుకబాటు అని అయిదు గుర్తులు చెప్పింది. అవి ఒక తెగను జాబితాలో చేర్చాలా వద్దా అని చూడడానికి పెట్టినవి. ఇప్పటికే జాబితాలో ఉన్న యానాది ఇంట పుట్టిన మీరు జంకుతూ నిలబడాలని కాదు. ఎలుకలు పట్టడం, పాముమందు చెప్పడం వస్తేనే యానాది అనుకుంటే, చదువుకున్న మొదటి తరమే తెగ నుంచి వెలి అవుతుంది. ఇలాంటి పోలిక పరీక్ష ఒక్కటే గీటురాయి కాదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పాత రికార్డులకు, అందులోనూ రాజ్యాంగానికి ముందువాటికి, ఎక్కువ విలువ.

కాబట్టి కాగితాలు పేర్చండి. మీ టీసీ చాలదు. మీ నాన్న, మేనత్తలు, పెదనాన్నలు చదివిన బడి నుంచి అడ్మిషన్ రిజిస్టరు నకలు తీసుకోండి. తాతగారి పేరున పాత పట్టా, జనన మరణ నమోదు ఏదున్నా జతచేయండి. తోబుట్టువుల పత్రాలుంటే అవీ పెట్టండి. తరచుగా దెబ్బతినేది మూడు చోట్ల: రిజిస్టరులో కులం గడిలో ‘హిందూ’ అని మాత్రమే ఉండడం, ఇంటిపేరు ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా ఉండడం, చెరువుల కాపలాకు వలస తిరగడంతో చిరునామాలు కలవకపోవడం. ఇంటిపేరు తేడాలకు ఒక అఫిడవిట్ చేయించండి. సచివాలయంలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. తిరస్కరిస్తే కారణం రాసిమ్మనండి. నోటిమాటగా ‘కుదరదు’ అన్నదాని మీద అప్పీలు నడవదు.

ప్రశ్న: 2027 జనగణనలో కులం అడుగుతారట కదా. ఏమని చెప్పాలి? (ఇద్దరు ముగ్గురు పాఠకులు)

అన్ని కులాలనూ లెక్కించిన చివరి జనగణన 1931లో జరిగింది. అప్పుడు 4,147 కులాలు తేలాయి. 2011 సామాజిక ఆర్థిక సర్వేలో ఎవరేం చెబితే అది రాసుకుంటే 46 లక్షల పేర్లు పోగయ్యాయని కేంద్రమే సుప్రీంకోర్టుకు చెప్పింది. ఇంటిపేరు, గోత్రం, బిరుదు, వృత్తి, అక్షరదోషం ప్రతిదీ ఒక్కో కులమై కూర్చుంది. ఎన్యూమరేటరు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లందరికీ ఒకే మాట తెలిసి ఉండాలి. ధ్రువపత్రంలో ఉన్న కులం పేరునే పూర్తిగా చెప్పండి. ‘రెడ్డిగారిమి’, ‘చౌదరి’, ‘ఎస్టీ’, ‘బీసీ’ అని ఊరుకోవద్దు. ‘ఎరుకల’ అనండి, ‘బుట్టలల్లేవాళ్లం’ అనకండి. 1948 జనగణన చట్టం ప్రకారం మీరు చెప్పింది గోప్యం, కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. అంటే రేపు ధ్రువపత్రానికి ఈ నమోదు పనికిరాదు, ధ్రువపత్రం లేదని ఇక్కడ చెప్పకుండా ఉండాల్సిన పనీ లేదు. రాసుకున్నాక కులం గడి ఒకసారి చదివి వినిపించమని అడగండి.